రాయి పేరు బిల్లు మీద రాయండి

సంపాదకులు గారికి,

నమస్కారం. గత ఆదివారం మీ అనుబంధంలో చీర రంగుకు తగ్గ నగ ఎలా ఎంచుకోవాలో చెబుతూ ఒక వ్యాసం వేశారు. ఫొటోలు బాగున్నాయి. ఒక్క వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను. కనకాంబరం రంగు చీర మీదికి పగడమైనా, గోమేధికమైనా, కార్నీలియన్ అయినా, ఎర్రగా నారింజగా ఉన్న రాయి ఏదైనా నప్పుతుందని రాశారు. చూడ్డానికి నప్పుతుంది, కాదనను. కానీ ఆ “ఏదైనా” అన్న మాట పట్టుకుని కొట్టుకు వెళ్ళిన మనిషి ఏం కొనుక్కుని వస్తుందో ఈ మధ్యే చూశాను. ఆ మనిషిని నేనే.

నేను 31 ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరైన దాన్ని. ఉండేది తెనాలి. మాఘమాసంలో మా చిన్నవాడి పెళ్ళి. మా అమ్మాయి కూతురు వరంగల్లో ఇంజనీరింగ్ చదువుతోంది. పెళ్ళిలో తను నా వెంకటగిరి చీర కట్టుకుంటానంది. నా పెళ్ళయిన కొత్తలో మావారు కొన్న కనకాంబరం రంగు చీర అది, సన్న జరీ అంచు. దాని మీదికి అదే రంగు రాయితో ఒక లాకెట్ చేయించమని అడిగింది. “చీర ఒక్కరోజే అమ్మమ్మా, లాకెట్ మాత్రం హాస్టల్లో రోజూ వేసుకుంటా” అంది.

రోజూ అన్న మాట దగ్గరే నాకు పని పడింది. చీర మీదికి ఒక్కపూట అయితే గాజురాయి పెట్టినా ఎవరూ అడగరు. హాస్టల్ మెడలో ఉండేదంటే చెమట పట్టాలి, సబ్బు నీళ్ళు తగలాలి, సెంటు పడాలి, బాత్రూమ్ గచ్చు మీద ఒకటి రెండుసార్లు పడాలి. వీటన్నిటికీ తట్టుకోవాలి. కనకాంబరం రంగూ ఉండాలి. నా పెన్షన్‌లో తేలాలి.

మొదట కొత్త రాయి కొనే ఆలోచనే లేదు. మావారి ఉంగరం ఉంది. ఆయనకు రాహు మహర్దశ మొదలైందని ఎవరో జాతకం చూసి చెబితే, గోమేధికం పెట్టుకోమంటే, మంచి కొట్టే అని వెళ్ళి చేయించుకున్నారు. 11 ఏళ్ళు వేలి నుంచి తీయలేదు. ఆయన పోయి మూడేళ్ళయింది. ఆ రాయే మనవరాలి మెడలో ఉంటే బాగుంటుంది కదా అనిపించి, ఉంగరం తీసుకుని మా వీధి చివర ఆచారి గారి దగ్గరికి వెళ్ళాను.

ఆయన రాయి చుట్టూ ఉన్న బంగారు కట్టును మెల్లగా ఎత్తి, రాయిని తీసి, గుడ్డతో తుడిచి, కంటికి అద్దం పెట్టుకుని చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత ఏమీ అనకుండా అద్దం నా చేతికిచ్చి, “మీరే చూడండి టీచరమ్మా, మీకు తెలుస్తుంది” అన్నారు.

పదింతలు చూపించే అద్దం అది. రాయిని లైటుకు ఎదురుగా పట్టుకుంటే లోపల రెండు బుడగలు కనిపించాయి. సోడా బుడగల్లాగా, గీత గీసినట్టు గుండ్రంగా. పలకల అంచులు వాడేసిన సబ్బుబిళ్ళ అంచుల్లా మొద్దుబారిపోయి ఉన్నాయి. మన ఇళ్ళలో దుమ్ముంటుంది చూడండి, అందులో సన్న ఇసుక ఉంటుంది, అంటే క్వార్ట్జ్. గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీద దానిది 7. గాజుది 5.5 దగ్గర. రోజూ జేబులో చెయ్యి పెట్టి తీస్తుంటే 11 ఏళ్ళలో గాజు అరిగి తీరుతుంది. అసలు గోమేధికం 7 దగ్గర ఉంటుంది, అంత తొందరగా అంచులు పోవు.

అయినా మనసొప్పుకోలేదు. ఇంటికొచ్చి కొలిచాను. ఈ ముక్క మీ పాఠకులకు పనికొస్తుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. బంగారం తూచే చిన్న ఎలక్ట్రానిక్ తరాజు, 0.01 గ్రాము దాకా చూపించేది, ఆన్‌లైన్లో దొరుకుతుంది. ముందు రాయిని ఉత్తగా తూచాలి. మావారి రాయి 1.45 గ్రాములు తూగింది. తర్వాత తరాజు మీద చిన్న ప్లాస్టిక్ కప్పు పెట్టి సగం పైన నీళ్ళు పోసి, అంకెను సున్నా చేయాలి. రాయిని సన్న దారంతో కట్టి, అడుగుకూ గోడకూ తగలకుండా నీళ్ళలో పూర్తిగా మునిగేలా వేలాడదీసి పట్టుకోవాలి. చెయ్యి వణక్కూడదు. నేను గరిటె కాడకు దారం కట్టి, కాడను రెండు డబ్బాల మీద అడ్డంగా పెట్టాను. దారానికి గాలిబుడగలు అంటుకుంటే సూదితో తోసెయ్యాలి. అప్పుడు తరాజు చూపించే అంకె, రాయి పక్కకు నెట్టిన నీళ్ళ బరువు. నాకు 0.58 వచ్చింది. మొదటి అంకెను రెండో దానితో భాగిస్తే 2.5. అంటే అంతే చోటు పట్టే నీళ్ళ కంటే రాయి రెండున్నర రెట్లు బరువన్నమాట.

గోమేధికానికి అది 3.6 రావాలి. 2.5 అంటే మామూలు గాజు. తొమ్మిదో తరగతిలో ఆర్కిమెడిస్ సూత్రం ఎన్ని బ్యాచ్‌లకు చెప్పానో. రాజుగారి కిరీటం కథ చెప్పి పిల్లల్ని నవ్వించేదాన్ని. మా ఇంట్లో ఆయన వేలికి ఉన్నదాన్ని ఒక్కసారి నీళ్ళలో ముంచాలని మాత్రం తోచలేదు.

మా వదినగారు ఫోన్లో ఓదారుస్తూ “పోనీలే, అన్నయ్యకు ఆ దశలో ఏమీ కాలేదుగా, పనిచేసినట్టే” అన్నారు. రాహువుని కూడా గాజుతో సరిపెట్టారన్నమాట.

కొట్టుకు వెళ్ళాను. పాత బిల్లు జాగ్రత్తగా దాచే అలవాటు నాది. కౌంటర్లో అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. బిల్లు చూశాడు, లోపలికి వెళ్ళి పెద్దాయనకు చూపించి వచ్చాడు. “అమ్మగారూ, ఇందులో గోమేధికం అని ఎక్కడుందండి?” అన్నాడు. చూశాను. బంగారు ఉంగరం 1, ఇంత బరువు, ఇంత తరుగు, ఇంత మజూరీ. దాని కింద “కలర్ స్టోన్” అని, 4,200 రూపాయలు. అంతే. అమ్మేటప్పుడు వంద సార్లు గోమేధికం అన్న మనిషి రాసేటప్పుడు ఒక్కసారి కూడా అనలేదు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళాలన్నా రెండేళ్ళ గడువు ఎప్పుడో దాటిపోయింది. కొట్టు పేరు రాయను. రాస్తే ఆ ఒక్క కొట్టే అనుకుంటారు. ఆ తర్వాత నేను తిరిగిన ఏడు కొట్లలో ఐదింట్లో బిల్లు ఎలా రాస్తారని అడిగితే ఇదే జవాబు వచ్చింది, “స్టోన్ అని వేస్తామమ్మా”.

మరి ఆ ఏడు కొట్లలో ఏం చూశానో చెబుతాను.

కనకాంబరం రంగుకు అచ్చంగా అతికేది పగడమే, అందులో సందేహం లేదు. చీర కొంగు పక్కన పెడితే పువ్వు పక్కన పువ్వు పెట్టినట్టే ఉంది. మన నల్లపూసల్లో మధ్య మధ్య పగడాలు గుచ్చడం తరతరాలుగా ఉన్నదే. మా అమ్మ దండ నా దగ్గరే ఉంది. అందులోవి పన్నెండు పగడాలు. ఒక్కోదానికి ఒక పక్క రంగు బాగానే ఉంది, మెడకు ఆనుకునే పక్క మాత్రం సున్నం కొట్టినట్టు పాలిపోయి, చేత్తో తడిమితే గరుగ్గా తగులుతుంది. అమ్మ చింతపండు పిసికిన చేత్తోనే మెళ్ళో దండ వెనక్కి తోసుకునేది. నాకు బాగా గుర్తు. పగడం రాయి కాదు కదా, సముద్రంలో చిన్న చిన్న జీవులు కట్టుకున్న గూడు. దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే, అంటే సున్నపురాయికి చుట్టమే. గట్టిదనం 3, 4 మధ్య. దండలో విరిగిన పగడం ఒకటుంటే దాని మీద నిమ్మరసం చుక్క వేసి అద్దంతో చూశాను. సన్నటి బుడగలు లేచాయి. పదో తరగతి ప్రయోగం, ఆమ్లం, కార్బొనేటు, కార్బన్ డయాక్సైడ్. మా అమ్మ మెడ మీద అది నలభై ఏళ్ళు మెల్లగా జరిగిందన్నమాట.

నగల పగడాల్లో పేరున్నది మధ్యధరా సముద్రంలో దొరికే ఎర్ర రకం. ఇటలీలో నేపుల్స్ పక్కన టొరె డెల్ గ్రెకో అనే ఊరికి దాన్ని చెక్కడమే వృత్తి. మన కొట్లలో “ఇటాలియన్ పగడం” అనే పేరు వచ్చింది అందుకే. ఆ కొమ్మ ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా లావెక్కదు. అలాంటప్పుడు పండుగ సంతలో దండకు రెండు వందలకు ఎలా వస్తుంది? వెదురు గణుపుల్లా ఉండే వేరే పగడం ఒకటుంది, దానికి ఎర్ర రంగు పట్టించి అమ్ముతారు. మా అమ్మాయి గోళ్ళరంగు తుడుచుకునే ద్రవంలో దూది ముంచి, కొట్టువాణ్ణి అడిగే, ఒక పూస వెనక పక్క తుడిచాను. దూది గులాబీ రంగుకు తిరిగింది. ఆయన దండ వెనక్కి తీసుకుని “ఇవి వేరే స్టాకమ్మా” అన్నాడు.

అసలుదే దొరికినా, పెర్ఫ్యూమ్ కొట్టుకుని క్లాసుకు పరిగెత్తే పిల్ల మెళ్ళో రోజూ ఉంచే వస్తువు కాదది. పండక్కి పెట్టుకుని, మెత్తటి గుడ్డతో తుడిచి దాచుకోవాలి.

తర్వాత గోమేధికం. దీన్ని వదులుకోవాలని లేకపోయింది, పంతం కూడా ఉంది. ఇంగ్లిష్‌లో హెసొనైట్ అంటారు, గార్నెట్ అనే రాళ్ళ జాతిలో ఒకటి. ఆ పేరు గ్రీకు మాట నుంచి వచ్చింది, “తక్కువది” అని అర్థం. అచ్చం అలాగే కనిపించే జిర్కాన్ కంటే ఇది తేలికగా, మెత్తగా ఉంటుందని ఆ పేరు పెట్టారట. పాపం, మన దగ్గర నవరత్నాల పీట మీద కూర్చుంది, అక్కడ పేరులోనే చిన్నచూపు. శ్రీలంక నుంచి వస్తుంది, మన ఒడిశాలోనూ దొరుకుతుంది.

దీన్ని పదింతల అద్దంలో చూసినప్పుడు నాకు నోట మాట రాలేదు. బెల్లప్పాకం నీళ్ళలో పోసి ఇంకా పూర్తిగా కలవకముందు గరిటె తీసేస్తే ఎలా ఉంటుంది? చిక్కటి తీగలు మెలికలు తిరుగుతూ, మధ్యలో అక్కడక్కడ మసక గింజలు. రాయి లోపలంతా అదే. ఎండలో వేడెక్కిన రోడ్డు మీద గాలి ఆడినట్టు కూడా ఉంటుంది. గాజులో కూడా మెలికలు ఉండొచ్చు, కానీ దానికి గుండ్రటి బుడగలు తోడుంటాయి. గోమేధికంలో బుడగ ఉండదు. ఒక్క పాకాన్ని చూసి గుర్తుపట్టే రాళ్ళు తక్కువ, ఇది వాటిలో ఒకటి.

గుంటూరులో ఒక రాళ్ళ కొట్టులో మంచిది చూశాను. “ఏడు రత్తులమ్మా” అన్నాడు. రత్తి అంటే ఎంత అని అడిగితే 0.91 క్యారెట్ అన్నాడు. మా ఆచారి గారికి రత్తి అంటే గురిగింజ, 0.12 గ్రాము, అంటే 0.6 క్యారెట్. ఒకే మాట, రెండు తూకాలు. గురివింద తన నలుపెరగదంటారు గానీ ఈ కొట్లలో తన బరువు కూడా ఎరగదు. రాయి తూకంలో క్యారెట్ అయితే ఎక్కడైనా ఒకటే, 0.2 గ్రాము, దాంట్లోనే చెప్పమన్నాను. ఆయన ముందు నక్షత్రం అడిగాడు. రాయి గురించి నేను అడిగిన ప్రతి ప్రశ్నకూ పిల్ల జాతకం గురించి ఒక ప్రశ్న ఎదురొచ్చింది. ఆడపిల్ల మెడలో రాహువు రాయి ఎందుకని మా వదినగారిది ఇంకో గొడవ. ఆఖరికి 6.3 క్యారెట్ల రాయి, తూచి కొన్నాను. ఇంటికొచ్చి నీళ్ళలో ముంచితే 1.26 గ్రాములకు 0.35. అంటే 3.6. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

కానీ చీర పక్కన పెడితే రంగు కలవలేదు. గోమేధికం ఎంత బాగున్నా అది తేనె, బెల్లం, కాచిన నెయ్యి వైపు పోతుంది. కనకాంబరం దగ్గరికి రాదు. మనవరాలు వీడియో కాల్‌లో చూసి, “అమ్మమ్మా, ఇది కోకాకోలా రంగు” అంది. మావారి ఉంగరం ఖాళీగా ఉంది కదా, ఇది అందులో పొదిగించి నేనే పెట్టుకున్నాను. రాహువు వస్తే చూసుకుంటాం.

ఆన్‌లైన్లో చూపించినవి త్వరగా చెప్పేస్తాను. ఫైర్ ఓపల్, మెక్సికోది, నిప్పు రవ్వలా ఉంటుంది, రంగు సరిగ్గా కుదిరింది కూడా. కానీ దాని ఒంట్లోనే నీరుంటుంది. ఆ నీరు ఆరితే కొన్ని రాళ్ళు వాటంతటవే బీటలు వారతాయి. వరంగల్ ఎండలకు, ఆచారి గారి మంటకు, రెంటికీ పనికిరాదు. నారింజ రంగు నీలాన్ని (నీలం అంటే ఇక్కడ రంగు కాదు, సఫైర్ అనే రాయి) ఒకరు “పద్మరాగం” అని పెట్టి తక్కువ ధరకు అమ్ముతున్నారు. మన తెలుగులో పద్మరాగం అంటే కెంపు. లంకలో అదే మాట తామరపువ్వు రంగు నీలానికి పేరై, చాలా ఖరీదైంది. 2001 ప్రాంతం నుంచి లేత రంగు రాళ్ళను బెరీలియంతో కలిపి విపరీతమైన వేడిలో పెట్టి నారింజ రంగు తెప్పిస్తున్నారు. చవగ్గా దొరికే నారింజ నీలం చాలావరకు అదే. గట్టిదనం 9, అరగనే అరగదు, తీసుకోవచ్చు కూడా, ఆ సంగతి ముందే చెప్పి దానికి తగ్గ ధర అడిగితే. స్పెసార్టైన్ అనే గార్నెట్ ఒకటుంది. నమీబియాలో 1991లో దొరికినప్పటి నుంచి దాన్ని మాండరిన్ గార్నెట్ అంటున్నారు. రంగు, గట్టిదనం, మెరుపు అన్నీ ఉన్నాయి. ధర చూసి పేజీ మూసేశాను.

చివరికి రాయి దొరికింది హైదరాబాద్‌లో. పెళ్ళి బట్టలకని మావాడి దగ్గరికి వెళ్ళినప్పుడు, చార్మినార్ దగ్గర గాజుల కొట్లు దాటి నడుస్తుంటే, ఒక పెద్దాయన చిన్న బల్ల మీద వెండి ఉంగరాలు పరుచుకుని కూర్చున్నాడు. ఎర్ర రాళ్ళు, నారింజ రాళ్ళు, అకీక్ అంటారు వాళ్ళు. మీ వ్యాసంలో కార్నీలియన్ అన్నది అదే. ముస్లిముల ఇళ్ళలో మగవాళ్ళు కూడా ఇష్టంగా పెట్టుకుంటారు. ఉంగరంలో పెట్టనివి ఏమైనా ఉన్నాయా అని అడిగితే బల్ల కింద నుంచి రేకు డబ్బా తీశాడు. అందులో కోడిగుడ్డు ఆకారంలో నునుపు చేసినది ఒకటుంది. పారిజాతం పువ్వు కాడ చూశారా? ఆ కాడను పది కలిపి ముద్ద చేస్తే వచ్చేంత చిక్కటి రంగు. సూర్యుడికి ఎదురుగా పెడితే లోపల సన్నటి పొరలు, పల్చటి పాలమీగడ తొరకల్లా.

“యమన్‌దా?” అని అడిగాను, యెమెన్ దేశపు రాయి అని అక్కడ అందరూ చెబుతారు కదా. ఆయన నవ్వాడు. “యమన్ అని చెబితే మీకేం తెలుస్తుందమ్మా, డబుల్ చెప్పొచ్చు. ఇది ఖంబాత్ అకీక్. ఆగ్ మే పకాయా హువా” అన్నాడు. వేడి చేసిందట. అడక్కుండానే చెప్పాడు. ఏడు ఏసీ కొట్లు తిరిగితే వినపడని మాట, రోడ్డు మీద ఎండలో వినపడింది.

ఖంబాత్ అంటే గుజరాత్‌లో పాత రేవు. పక్కన భరూచ్ జిల్లా రతన్‌పూర్ గనుల్లో ఈ రాయి తవ్వుతారు. తవ్వినప్పుడు చాలావరకు గోధుమరంగులో, మట్టిరంగులో ఉంటుంది. ఎండలో ఆరబెట్టి, కుండల్లో పెట్టి కాలిస్తే లోపలి ఇనుము మారి ఎర్రబడుతుంది. ఇటుక కాలితే ఎర్రబడడం లాంటిదే. ఇదేమీ ఈనాటి కల్తీ కాదు. లోథల్‌లో హరప్పా కాలంనాటి పూసల పనిచోటు బయటపడింది. అలాంటి సింధు లోయ పూసలు ఇరాక్‌లో ఊర్ రాజుల సమాధుల్లో దొరికాయి, అంటే 4,500 ఏళ్ళ నాటి మాట. మనకూ ఉన్నాయి, సంగారెడ్డి దగ్గర కొండాపూర్ తవ్వకాల్లో, శాతవాహనుల నాటివి. సాఫ్ట్‌వేర్ కొండాపూర్ కాదు, ఇది వేరే. అక్కడ మ్యూజియం కూడా ఉంది. మావాడు నన్ను మొదట ఆ ఐటీ కొండాపూర్‌కే తీసుకెళ్ళబోయాడు.

ధర 350 రూపాయలు. నచ్చకపోతే తెచ్చివ్వమన్నాడు. తెనాలికి వచ్చి ముంచాను. 1.68 గ్రాములు, నీళ్ళలో 0.65. అంటే 2.6కు కొంచెం తక్కువ. ఇక్కడొక మాట నిజం చెప్పాలి. కార్నీలియన్‌కు రావాల్సింది అదే, కానీ గాజుకు కూడా దాదాపు అంతే వస్తుంది. నీళ్ళ గ్లాసు ఇక్కడ తేల్చలేదు. అందుకని పాత సోడా సీసా తెచ్చి, రాయి వెనక అంచుతో గీశాను. సీసా మీద తెల్లటి గీత పడింది, గోటితో రుద్దినా పోలేదు. రాయికి ఏమీ కాలేదు. అద్దంలో బుడగల్లేవు. గట్టిదనం 6.5 నుంచి 7. చింతపండు, నిమ్మరసం, సబ్బు దీన్ని ఏమీ చెయ్యవు. చీర పక్కన పెట్టాను. చీర కొన్ననాడే దీన్నీ కొన్నట్టుంది.

ఇక నా విన్నపం. బంగారానికి ఇప్పుడు హాల్‌మార్క్ ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగను, నగ నగకూ విడిగా ఇచ్చే ఆరు అంకెలూ అక్షరాల హెచ్‌యూఐడీ నంబరు లేకుండా అమ్మకూడదు. ఆ నంబరు ప్రభుత్వ ప్రమాణాల సంస్థ బీఐఎస్ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఎక్కడ పరీక్ష చేశారో కూడా చెబుతుంది. హాల్‌మార్క్ నగ బిల్లులో నికర బంగారం బరువు, స్వచ్ఛత విడిగా రాయాలి. మరి ఆ నగ మధ్యలో కూర్చున్న రాయి? దానికి హాల్‌మార్క్ వర్తించదు. బంగారం ముక్కకు నంబరు, దాని నెత్తి మీద గాజుకు “కలర్ స్టోన్”. కొన్నిటికి రాయి వెనక రేకు పెట్టి మూసేస్తారు. అప్పుడు అద్దం పెట్టి చూసినా తెలియదు. ముంచి తూచడానికి రాయి చేతికి రాదు.

ప్రతి రాయికీ ల్యాబ్ సర్టిఫికెట్ అడగమనను. 350 రూపాయల అకీక్‌కు సర్టిఫికెట్ పెడితే సర్టిఫికెట్‌నే మెళ్ళో వేసుకోవాల్సి వస్తుంది. అమ్మేవాడు నోటితో చెప్పిన పేరు చేత్తో రాస్తే చాలు. రాయి పేరు, సహజమైనదా తయారు చేసిందా గాజా, వేడి చేశారా రంగు పట్టించారా, క్యారెట్లలో బరువు, రాయి ధర విడిగా. ఒక్క గీత. ఆ గీత రాయనంటే కొనకుండా లేచి రావచ్చు. రాసింది అబద్ధమైతే రెండేళ్ళలోపు కమిషన్‌కు వెళ్ళొచ్చు, ముందు 1915 నంబరుకు ఫోన్ చేసి అడగొచ్చు. “స్టోన్” అని రాసి ఉంటే నాలాగా కౌంటర్ ముందు నిలబడాలి.

మీకూ ఒక మాట. రోజూ బంగారం ధర, వెండి ధర మొదటి పేజీలోనే వేస్తారు. ఆదివారం నగల ఫొటోలు వేసేటప్పుడు వాటి కింద అది ఏ రాయో, అసలో కాదో ఒక్క ముక్క వేయించండి. గత వారం మీరు వేసిన “పగడాల” హారం ఫొటోలో పూసలన్నీ అచ్చు పోసినట్టు ఒకే సైజులో, ఒకే రంగులో ఉన్నాయి. నా అనుమానం నాది.

లాకెట్ నిన్ననే తయారైంది. రాయికి వెనక మూయలేదు, వెలుతురు పోవాలని. చుట్టూ సన్న కట్టు. తీగకు అటొకటి ఇటొకటి అమ్మ దండలో పాలిపోనివి చూసి రెండు పగడాలు గుచ్చారు. అవి పెళ్ళిరోజుకు మాత్రమే, తర్వాత తీసేసేలా కొక్కెం పెట్టించాను. ఆచారి గారికి కంప్యూటర్ బిల్లు లేదు. నేనడిగితే పాత క్యాలెండర్ కాగితం చించి వెనక రాసిచ్చారు: “లాకెట్ 1. బంగారం 3.2 గ్రా., స్వచ్ఛత 22 క్యా. రాయి అకీక్, ఖంబాత్, కాల్చినది, 8.4 క్యా., టీచరమ్మ గారిదే. పగడాలు 2, పాతవి, వారి అమ్మగారివి.” కింద సంతకం, తేదీ. నేను చూసిన బిల్లుల్లో ఇంత పూర్తిగా ఉన్నది ఇదొక్కటే, దాన్ని లామినేషన్ చేయించి పెట్టాను.

ఉత్తరం పొడుగైందని నాకూ తెలుసు. చోటు లేకపోతే మా వదినగారి మాటలు తీసెయ్యండి, ఆవిడ కూడా ఏమీ అనుకోరు. నీళ్ళ కప్పు ముక్క మాత్రం కత్తిరించకండి.

ఇట్లు,
రిటైర్డ్ ఫిజికల్ సైన్స్ టీచర్,
తెనాలి